ముఖం చూసి నేర్చుకునే వయసు

ఒక పెద్ద బల్ల, దానిపైన మందపాటి గాజుపలక. సగం దూరం వరకు గాజుకు ఆనుకునే గళ్ల గుడ్డ పరిచి ఉంటుంది. అక్కడ గుడ్డ ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. గాజు మాత్రం చివరిదాకా సమంగానే ఉంటుంది కనుక పడిపోయే ప్రమాదం లేదు. అయినా పైన పాకుతున్న బిడ్డకు ఎదురుగా గొయ్యి ఉన్నట్టే కనిపిస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ ఈ బల్లను తయారు చేశారు. పాకే వయసు పిల్లల్లో చాలామంది ఆ లోతు వైపు వెళ్లరని 1960లో వాళ్లు ప్రకటించారు.

పాతికేళ్ల తరువాత జేమ్స్ సోర్స్, ఆయన సహ పరిశోధకులు ఇలాంటి బల్లనే మరో ప్రశ్నకు వాడుకున్నారు. లోతును సుమారు 30 సెంటీమీటర్లకు తగ్గించారు. ఏడాది పిల్లలకు అది హడలగొట్టే గొయ్యీ కాదు, చూసీ చూడనట్టు దాటేసే గీతా కాదు. అవతలి అంచున తల్లిని నిలబెట్టి, పక్కన ఒక బొమ్మ పెట్టారు. తల్లి నోరు మెదపకూడదు, ముఖంలోనే భావం చూపించాలి. బిడ్డ అంచుదాకా వచ్చి ఆగుతుంది. కిందికి చూస్తుంది, తలెత్తి తల్లి ముఖం చూస్తుంది. తల్లి సంతోషంగా నవ్వుతూ కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది పిల్లలు దాటి వచ్చారు. ముఖంలో భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. కోపం కనిపించినప్పుడు 18 మందిలో ఇద్దరే దాటారు.

మాటలు రాని బిడ్డ చేసిన పని ఏమిటి? తనకు తెలియని విషయం ఎదురైంది. తెలిసిన మనిషిని సంప్రదించింది. ఆ ముఖంలో దొరికిన సమాచారాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంది. అనుబంధం అనగానే మనకు ముద్దూ మురిపెమూ గుర్తొస్తాయి. నేర్చుకోవడం అనగానే పలకా బలపమూ గుర్తొస్తాయి. ఈ రెండూ వేర్వేరు గదుల్లో జరిగే పనులని అనుకుంటాం. పిల్లలకు మాత్రం ఇది ఒకే పని. ఎవరి దగ్గర భద్రంగా ఉన్నామని అనిపిస్తుందో వారి ద్వారానే వాళ్లు ప్రపంచాన్ని చదువుకుంటారు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క సంగతి గురించే.

ఆకలి తీరితే సరిపోదు

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రంలో ఒక నమ్మకం బలంగా ఉండేది. తల్లి పాలిస్తుంది, ఆకలి తీరుస్తుంది, అందుకే బిడ్డకు ఆమె మీద ఇష్టం కలుగుతుందని అనుకునేవారు. పిల్లల్ని ముద్దులాడవద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని అమెరికన్ శాస్త్రవేత్త జాన్ వాట్సన్ 1928లో రాసిన శిశుపోషణ గ్రంథంలో తల్లులకు సలహా ఇచ్చారు. శుభ్రమైన పక్క, వేళకు ఆహారం ఉంటే బిడ్డకు లోటు లేదన్న ఆలోచన ఆసుపత్రుల్లోనూ అనాథాశ్రమాల్లోనూ పాతుకుపోయింది.

బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దీన్ని ఒప్పుకోలేదు. ఎవరో ఒక పెద్ద మనిషిని అంటిపెట్టుకుని ఉండాలన్న తపన ఆకలిలాగే పుట్టుకతో వచ్చినదని, మనిషి పిల్లలు బతికి బట్టకట్టడానికి పరిణామక్రమం ఇచ్చిన రక్షణ అదేనని ఆయన వాదించారు. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్ ఆసుపత్రుల్లో పిల్లల వార్డులను గమనించారు. అప్పట్లో తల్లిదండ్రులు వారానికి ఒకటి రెండుసార్లు చూడటానికి రావడమే గగనం. తల్లి వెళ్లిపోగానే పిల్లలు బిగ్గరగా ఏడ్చేవారు. కొన్నాళ్లకు నీరసించి మూల కూర్చునేవారు. ఆ తరువాత అందరితోనూ కలివిడిగా తిరిగేవారు. సిబ్బంది దీన్ని చూసి బిడ్డ అలవాటు పడిందని సంతోషించేవారు. తల్లి వచ్చినప్పుడు మాత్రం ఆ బిడ్డ ముఖం తిప్పేసుకునేది. అది అలవాటు కాదని, ఆశ వదులుకోవడమని రాబర్ట్‌సన్ గుర్తించారు. రెండున్నరేళ్ల పాప ఆసుపత్రిలో గడిపిన ఎనిమిది రోజులను సినిమాగా తీసి 1952లో వైద్యులకు చూపించారు. చాలామంది మండిపడ్డారు. అయినా చర్చ ఆగలేదు. 1959లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది.

మన ఆసుపత్రుల్లో పిల్లల మంచం పక్కన తల్లో అమ్మమ్మో కూర్చుని ఉండటం మామూలే. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన శిశువుల సంగతి వేరు. వారిని తల్లికి దూరంగా ప్రత్యేక వార్డులో ఉంచడమే చాలాకాలం పద్ధతిగా నడిచింది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2021లో వెలువడింది. అలాంటి శిశువులను పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచితే మరణాలు నాలుగోవంతు తగ్గాయని అందులో తేలింది.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో చేసిన ప్రయోగాలు బౌల్బీ వాదానికి మరో వైపు నుంచి బలం చేకూర్చాయి. ఆయన వాడినవి రీసస్ కోతిపిల్లలు, మన దేశంలో ఉత్తరాన, గోదావరి దాకా కనిపించే జాతి. తల్లి నుంచి వేరు చేసిన పిల్లకు రెండు బొమ్మ తల్లులను ఇచ్చారు. ఒకటి ఇనుప తీగలతో చేసినది, పాలసీసా దానికే ఉంది. రెండోది మెత్తని గుడ్డ చుట్టినది, పాలు లేవు. పిల్లలు పాలకోసం తీగల తల్లి దగ్గరికి వెళ్లి, తాగగానే గుడ్డ తల్లిని కరుచుకునేవి. రోజులో ఎక్కువసేపు అక్కడే గడిపేవి. 1958లో ప్రకటించిన ఈ ఫలితం అందరికీ తెలిసినదే. అంతగా ప్రచారం కాని రెండో భాగం మనకు ఇంకా ముఖ్యం. కోతిపిల్లను కొత్త వస్తువులున్న గదిలో వదిలితే, గుడ్డ తల్లి లేనప్పుడు అది ముడుచుకుని వణికిపోయేది. గుడ్డ తల్లి ఉంటే మొదట పరిగెత్తి దాన్ని పట్టుకునేది, కాస్త తేరుకున్నాక కిందికి దిగి ఆ వస్తువులను తాకి చూసేది. భయం తగ్గిన చోటే కుతూహలం మొదలైంది. ఈ ప్రయోగాలు ఆ మూగజీవాలను తీవ్రంగా హింసించాయని, ఇప్పుడైతే వాటికి అనుమతి దొరకదని కూడా ఇక్కడే చెప్పాలి.

తలుపు మళ్లీ తెరుచుకున్నప్పుడు

బౌల్బీ దగ్గర పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1954లో ఉగాండా వెళ్లారు. కంపాలా పరిసర గ్రామాల్లో 26 కుటుంబాల ఇళ్లకు వెళ్లి, తల్లులూ పిల్లలూ ఎలా మసలుకుంటారో గమనించారు. పాకే బిడ్డ తల్లి ఒడి దిగి కాస్త దూరం పోతుంది. వెనక్కి తిరిగి తల్లి ఉందో లేదో చూసుకుంటుంది. మళ్లీ ముందుకు పోతుంది. తల్లి అక్కడే ఉందన్న ధైర్యం ఉన్న పిల్లలే ఎక్కువ దూరం వెళ్తున్నారని ఆమె గ్రహించారు. తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో మరో 26 కుటుంబాలను, బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏడాది పాటు ఇళ్లకు వెళ్లి పరిశీలించారు.

ఏడాది పూర్తయ్యాక బిడ్డను, తల్లిని ఒక కొత్త గదిలోకి పిలిచేవారు. అక్కడ ఆటబొమ్మలుంటాయి. కాసేపటికి ఒక అపరిచిత స్త్రీ వస్తుంది. తల్లి బయటికి వెళ్తుంది, కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది, మరోసారి వెళ్లి వస్తుంది. మొత్తం ఇరవై నిమిషాలు. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందో చూడాలి. దాదాపు మూడింట రెండొంతుల మంది తల్లి దగ్గరికి వెళ్లి, చంకనెక్కి, ఊరట పొంది, మళ్లీ బొమ్మల దగ్గరికి పోయారు. దీనికి భద్రమైన అనుబంధం అని పేరు. కొందరు తల్లి వచ్చినా చూడనట్టు ఆడుకుంటూనే ఉన్నారు. ఇంకొందరు ఎత్తుకోమని చేతులు చాస్తూనే, ఎత్తుకుంటే తోసేస్తూ, ఎంతకీ ఊరడిల్లలేదు. తరువాతి కాలంలో మేరీ మెయిన్ నాలుగో రకాన్ని గుర్తించారు. ఆ పిల్లలు తల్లి వైపు నడుస్తూ మధ్యలో స్తంభించిపోతారు, లేదా ముఖం పక్కకు తిప్పుకుని దగ్గరికి వస్తారు. ఆదుకోవలసిన మనిషే భయపెట్టే మనిషి కూడా అయిన ఇళ్లలో ఈ తీరు ఎక్కువగా కనిపిస్తుంది.

తల్లిని చూడనట్టు ఆడుకునే రెండో రకం పిల్లల గుండె వేగాన్ని తరువాత కొలిచారు. పైకి ఎంత నిబ్బరంగా కనిపించినా వారి గుండె కూడా వేగంగానే కొట్టుకుంటోంది. బాధ చూపిస్తే ఫలితం ఉండదని ఏడాది వయసుకే నేర్చుకున్నారన్నమాట. తపన పుట్టుకతో వచ్చినదైనా అనుబంధం తీరు నేర్చుకున్నదేనని ఇక్కడ అర్థమవుతుంది. నేను ఏడిస్తే ఎవరైనా వస్తారా అన్న ప్రశ్నకు రోజుకు ఎన్నోసార్లు దొరికిన జవాబులను బిడ్డ కూడబెట్టుకుంటుంది.

తప్పిన తాళం అందుకోవడం

ఏడ్చిన ప్రతిసారీ ఎత్తుకుంటే అలవాటైపోతుందని మన ఇళ్లలో కొత్త తల్లులను భయపెడుతుంటారు. బాల్టిమోర్ ఇళ్లలో కనిపించింది ఇందుకు విరుద్ధం. మొదటి నెలల్లో ఏడుపుకు త్వరగా స్పందించిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారు. ఈ లెక్కల మీద తరువాత వాదాలు నడిచాయి. ప్రతి చిన్న మూలుగుకూ పరిగెత్తనవసరం లేదని, బిడ్డకు తనంతట తాను సర్దుకునే వ్యవధి ఇవ్వవచ్చని కొందరు చూపించారు. అయినా నిజమైన బాధతో ఏడుస్తున్న పసిబిడ్డను ఓదారిస్తే చెడిపోతుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

అలాగని తల్లి క్షణక్షణం బిడ్డ మనసు చదవాలా? అమెరికన్ పరిశోధకుడు ఎడ్వర్డ్ ట్రానిక్ తల్లీబిడ్డల ఆటపాటలను వీడియో తీసి, క్షణక్షణం విడదీసి చూశారు. ఆరోగ్యకరమైన జంటల్లో కూడా ఇద్దరి భావాలూ కలిసి నడిచేది సుమారు మూడోవంతు సమయమే. మిగతా సమయంలో తాళం తప్పుతూనే ఉంటారు. బిడ్డ పక్కకు చూస్తుంటే తల్లి కితకితలు పెడుతుంది. బిడ్డ నవ్వినప్పుడు తల్లి పరధ్యానంగా ఉంటుంది. ఆ వెంటనే ఒకరో ఇద్దరో సర్దుకుని మళ్లీ కలుస్తారు. ట్రానిక్ దృష్టిలో ఆ సర్దుబాటే అసలైన పోషణ. తప్పిపోయినది మళ్లీ అతుకుతుందని బిడ్డ నేర్చుకునేది అక్కడే. ఆయన చేసిన మరో ప్రయోగంలో, తల్లి కొద్ది నిమిషాలు ఎదురుగానే కూర్చుని ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండాలి. బిడ్డ నవ్వుతుంది, చేతులాడిస్తుంది, కేకలు వేస్తుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పుకుని కుంగిపోతుంది. మనిషి పక్కనే ఉండి కూడా అందకపోవడం ఎంత బాధో తెలియడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ప్రసవానంతర కుంగుబాటులో ఉన్న తల్లికి చికిత్స అందించడం బిడ్డకు చేసే వైద్యం కూడా అవుతుంది.

ఎవరి మాట నమ్మాలి?

ఇక ఈ అధ్యాయానికి గుండెకాయ లాంటి అధ్యయనానికి వద్దాం. క్యాథ్లీన్ కొరివో, పాల్ హ్యారిస్, వారి సహచరులు 2009లో దీన్ని ప్రచురించారు. 15 నెలల వయసులో అనుబంధం తీరు నమోదైన పిల్లలను నాలుగైదేళ్ల వయసులో మళ్లీ పిలిచారు. రెండు జంతువులను కలిపి గీసిన వింత బొమ్మలు చూపించారు. తల్లి ఒక జంతువు పేరు చెబుతుంది, అపరిచితురాలు రెండో జంతువు పేరు చెబుతుంది. కొన్ని బొమ్మల్లో రెండు పోలికలూ సమానం. కొన్నింటిలో అపరిచితురాలు చెప్పిన జంతువు పోలికే స్పష్టంగా ఎక్కువ.

భద్రమైన అనుబంధం ఉన్న పిల్లలు పోలికలు సమానంగా ఉన్నప్పుడు తల్లి మాట తీసుకున్నారు. కళ్ల ముందు ఆధారం మరోలా ఉన్నప్పుడు తల్లి మాట పక్కన పెట్టి తమ కళ్లనే నమ్మారు. శైశవంలో తల్లిని తప్పించుకు తిరిగిన పిల్లలు ఆమె మాట మీద అంతగా ఆధారపడలేదు. ఊరడిల్లని రకం పిల్లలు, కళ్లకు మరోలా కనిపిస్తున్నా తల్లి మాటనే పట్టుకున్నారు.

బడికి వెళ్లకముందే పిల్లలు నేర్చుకునే అతి పెద్ద పాఠం ఇదేనేమో. ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు తానే చూసి తేల్చుకోవాలి అన్న వివేకం అది. గట్టి అనుబంధం పిల్లల్ని కొంగుచాటు బిడ్డలుగా మారుస్తుందన్న అనుమానం చాలామందికి ఉంది. భద్రంగా పెరిగిన బిడ్డే తల్లితో విభేదించగలిగిందని ఈ అధ్యయనం చూపించింది.

చూసినది లోపల ఉండిపోతుంది

అమ్మ కూర తరిగితే పాప ఆకులు తుంచి గుజ్జనగూళ్లు వండుతుంది. ఇలా చూసి నేర్చుకోవడాన్ని ప్రయోగశాలకు తెచ్చినవారు స్టాన్‌ఫర్డ్‌లోని ఆల్బర్ట్ బండూరా. 1961లో 72 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి సుత్తితో కొడుతూ, తన్నుతూ ఉండగా కొందరు పిల్లలు చూశారు. తరువాత అదే బొమ్మ చేతికి దొరికితే వాళ్లూ అచ్చం అలాగే కొట్టారు. 1965లో మరో ప్రశ్న వేశారు. కొట్టిన మనిషికి శిక్ష పడినట్టు సినిమాలో చూపిస్తే? ఆ పిల్లలు తక్కువగా అనుకరించారు. అయితే చూసినదంతా చేసి చూపిస్తే బహుమతి ఇస్తామనగానే వాళ్లూ మిగతావారిలాగే చేసి చూపించారు. శిక్ష భయం పనిని ఆపింది గానీ నేర్పును చెరపలేదు.

తమ్ముణ్ని కొట్టాడని పెద్దవాణ్ని కొట్టే ఇంట్లో ఏం జరుగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. కొట్టవద్దన్న మాట వాడి చెవిన పడుతుంది. బలమున్నవాడు కోపం వస్తే కొడతాడన్న పాఠం వాడి కళ్లలో పడుతుంది. రెండోదే ఎక్కువ కాలం నిలుస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇళ్లలో ఆ మార్పు మన చేతుల్లోనే ఉంది. దెబ్బలు మానడమంటే అదుపు వదిలేయడం కాదు. 1960లలో బర్క్‌లీలో డయానా బౌమ్‌రిండ్ చేసిన పరిశీలనల్లో, ఆప్యాయతతో పాటు స్పష్టమైన హద్దులు పెట్టి, ఆ హద్దులకు కారణం చెప్పే తల్లిదండ్రుల పిల్లల్లో స్వావలంబన, నిగ్రహం ఎక్కువగా కనిపించాయి.

పిల్లలు కనిపించినదల్లా గుడ్డిగా అనుకరించరు కూడా. హంగరీ శాస్త్రవేత్త గ్యోర్గీ గెర్గెలీ బృందం 2002లో 14 నెలల పిల్లల ముందు ఒక స్త్రీ చేత నుదుటితో దీపాన్ని నొక్కించి వెలిగింపజేసింది. ఆమె చేతులు ఖాళీగా ఉన్నప్పుడు 69 శాతం పిల్లలు తామూ నుదుటితోనే నొక్కారు. ఆమె చేతులతో దుప్పటి చుట్టుకుని పట్టుకున్నప్పుడు 21 శాతమే అలా చేశారు, మిగతావారు చేత్తో నొక్కారు. ఆమె ఎందుకలా చేసిందన్నది కూడా వారి లెక్కలో ఉందన్నమాట.

చూసి నేర్చుకోవడానికి ఎదురుగా మనిషి ఉండాలా, తెర సరిపోతుందా? సియాటెల్‌లో పెట్రీషియా కూల్ 2003లో ప్రచురించిన ప్రయోగం దీనికి స్పష్టమైన జవాబిచ్చింది. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన తొమ్మిది నెలల పిల్లలకు చైనా మాండరిన్ మాట్లాడేవారితో 12 సార్లు ఆడుకునే అవకాశం ఇచ్చారు. మాండరిన్‌కే ప్రత్యేకమైన ధ్వనుల తేడా వాళ్లు పట్టేశారు. అదే మనుషులను, అవే మాటలను తెర మీద చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. ముద్ద మింగించడానికి ఏడాది బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చినప్పుడు మనం ఏం తీసేసుకుంటున్నామో ఆలోచించాలి. ముద్ద ముద్దకీ కబురు చెబుతూ, బిడ్డ చూపుకు చూపుతో, ఊకొట్టుకు మాటతో బదులిచ్చే మనిషిని తీసేసుకుంటున్నాం. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

అమ్మ ఒక్కతే కాదు

ఇదంతా చదివి భారమంతా తల్లి నెత్తిన పెడితే అది అన్యాయం, అశాస్త్రీయం కూడా. పిల్లలు ఒకరికంటే ఎక్కువ మందితో అనుబంధం పెంచుకోగలరు. కాంగో ఇటూరి అడవుల్లో ఎఫే జాతి శిశువులు పుట్టిన నాటి నుంచే చాలామంది చేతుల్లో పెరుగుతారు. తండ్రి, తాత, అమ్మమ్మ, మేనత్త, అక్క, ఎవరైనా సరే, నిలకడగా ఉండి స్పందిస్తే బిడ్డకు ఆసరా అవుతారు. ఎనిమిది దేశాల్లో జరిగిన 32 అధ్యయనాలను 1988లో కలిపి చూసినప్పుడు, దేశాల మధ్య తేడాలకంటే ఒకే దేశంలోని కుటుంబాల మధ్య తేడాలే ఎక్కువగా తేలాయి. ఏడాది వయసులో కనిపించిన తీరు నుదుటి రాత కూడా కాదు. ఇంటి పరిస్థితులు మారితే అదీ మారుతుంది.

పాలమూరు నుంచి పనులకు వలస పోయేవారు, నిజామాబాద్, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లేవారు పిల్లలను నాయనమ్మ, అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్తారు. వారికి ఉపయోగపడే మాట ఒకటి జేమ్స్ రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ చేసిన పనిలో ఉంది. తల్లి ప్రసవానికి ఆసుపత్రిలో చేరితే ఆ దంపతులు ఆమె పసిబిడ్డను తమ ఇంట్లో ఉంచుకునేవారు. ముందుగానే బిడ్డతో పరిచయం పెంచుకునేవారు. ఇంటి నుంచి తెచ్చిన వస్తువులు దగ్గర ఉంచేవారు. అమ్మ గురించి రోజూ మాట్లాడేవారు. ఆ పిల్లలు బెంగపడ్డారు గానీ కుప్పకూలలేదు. సిబ్బంది మారుతూ ఉండే శిశుగృహంలో తొమ్మిది రోజులు గడిపిన మరో బాబు మాత్రం తీవ్రంగా కుంగిపోయాడు. కాబట్టి బిడ్డ ఆటలో ఉండగా కన్నుగప్పి వెళ్లిపోవడం కంటే, వెళ్తున్నానని చెప్పి, ఏడిస్తే ఓదార్చి వెళ్లడమే మేలు. వెళ్లినవారి ఊసు ఇంట్లో ఆగిపోకూడదు.

పెంచేవారికి ఆసరా

ఎవరూ లేకపోతే ఏమవుతుందో రుమేనియా చూపించింది. చౌసెస్కూ ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను నిషేధించాక లక్షకు పైగా పిల్లలు సర్కారు ఆశ్రమాల పాలయ్యారు. తిండి, పక్క ఉన్నాయి, తమవాళ్లు అనదగ్గ మనుషులు లేరు. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుఖారెస్ట్‌లో 136 మంది శిశువుల మీద అధ్యయనం మొదలుపెట్టారు. లాటరీ పద్ధతిలో సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు పంపించారు. మూడున్నరేళ్ల వయసుకు కుటుంబాల్లో చేరిన వారిలో దాదాపు సగం మందికి భద్రమైన అనుబంధం ఏర్పడింది. మిగిలిన బృందంలో అది ఐదోవంతుకంటే తక్కువ. తెలివితేటల పరీక్షల్లోనూ కుటుంబాల పిల్లలు ముందున్నారు. రెండేళ్ల వయసులోపు చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు.

జమైకా అనుభవం ఆశ కలిగిస్తుంది. 1980లలో కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పిల్లలను సాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ ఎంచుకున్నారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం గంటసేపు వెళ్లారు. పారేసిన డబ్బాలు, గుడ్డపీలికలతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఏం మాట్లాడాలో తల్లికి చూపించారు. సుమారు ఇరవై ఏళ్ల తరువాత ఆ పిల్లల సంపాదన, ఈ సాయం అందని తోటివారికంటే 25 శాతం ఎక్కువగా ఉంది. అదనపు ఆహారం మాత్రమే అందుకున్న పిల్లల్లో అంతకాలం నిలిచే ఫలితం కనిపించలేదు. అక్కడ తల్లి కూడా చూసి నేర్చుకుంది. ఆమె మీద నమ్మకం ఉంచి చూపించే మనిషి వారం వారం గుమ్మంలోకి వచ్చింది.

మనకు 1975 నుంచి అంగన్‌వాడీలున్నాయి. బిడ్డ బరువు తూచి, గుడ్డూ పాలూ ఇచ్చే చేతులకు ఆటమాటలు నేర్పే తీరిక, శిక్షణ, తగిన వేతనం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. మూడేళ్లలోపు పిల్లల ఆటమాటల కోసం 2024లో కేంద్రం నవచేతన అనే ప్రణాళికను ప్రకటించింది. అది కాగితం దాటి ఇళ్లకు చేరాలి. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు గానీ పొలాల్లో, ఇటుక బట్టీల్లో, ఇంటిపనుల్లో ఉన్న తల్లులకు ఆ హక్కు అందలేదు. పసిబిడ్డ ఏడుపుకు బదులివ్వాలంటే తల్లికి ఒంట్లో ఓపిక, చేతిలో కాస్త సమయం, పక్కన మరో మనిషి ఉండాలి. ఈ మూడూ తల్లి గుణగణాలు కావు. కుటుంబం, యజమాని, ప్రభుత్వం కలిసి సమకూర్చవలసినవి. పిల్లల తెలివి గురించి, క్రమశిక్షణ గురించి మాట్లాడే ప్రతి సమాజమూ ముందుగా ఈ లెక్క చెప్పాలి.